ఎదురింటి డాబా మీద వాన

దారాలమ్మ పొద్దున్నే కొట్టు చెక్కలు తీసి గోడకు ఆనించేది. బల్ల మీద దుమ్ము దులిపేది. దారపు ఉండలు, ఊలు ఉండలు, గుండీల డబ్బాలు రంగుల వారీగా సర్దేది. ఆ పనంతా అయ్యేదాకా తలెత్తకూడదని ఒట్టు పెట్టుకునేది. ఎర్ర ఉండల దాకా రాగానే ఆ ఒట్టు గట్టున పెట్టి ఎదురింటి డాబా వైపు చూసేది.

వీధంతా ఎండ ఫెళ్ళుమని కాస్తుంటే, ఆ ఒక్క డాబా మీద సన్నగా జల్లు పడుతూ ఉండేది.

ఆ జల్లు ఆవిడ కొడుకుది. కొడుకు యుద్ధానికి వెళ్ళిన కొద్ది రోజులకే అతని నెత్తి మీది ఆకాశం వచ్చి ఎదురింటి రంగులాయన డాబా మీద నిలబడింది. పెద్ద దుప్పటి పరిచినంత మేర ఉంటుంది. అక్కడ మబ్బు పడితే ఇక్కడా మబ్బే. అక్కడ మంచు కురిస్తే డాబా మీద మంచు. వీధివాళ్ళు మొదటి రోజే అలవాటు పడిపోయారు. పాలవాడు గిన్నెలో పాలు పోస్తూ, "అమ్మా, అబ్బాయికి తెరిపిచ్చినట్టుంది" అనేవాడు. ఉత్తరాలు మోసే ముసలాయనైతే, "నా సంచీలో ఏమీ ఉండటం లేదు తల్లీ, పైనుంచి వచ్చేదైనా సరిగ్గా వస్తోంది" అని సంతోషించేవాడు.

సంతోషం లేనిదల్లా దారాలమ్మకే. కన్నది తను. జ్వరం వస్తే ఒళ్ళో వేసుకుని కూర్చున్నది తను. వాడి ఆకాశం వచ్చి నిలబడితే గిలబడితే తన ఇంటి మీద నిలబడాలి గానీ, రోడ్డు దాటి ఆ పిల్ల దగ్గరికి పోవడమేమిటి?

ఆ పిల్ల రంగులాయన కూతురు. నూలుకు రంగులద్దే ఇల్లు వాళ్ళది. డాబా మీద పొయ్యి, పొయ్యి మీద పెద్ద రాగి కాగు, చుట్టూ తీగల మీద కట్టలుగా ఆరే నూలు చిలపలు. తండ్రికి చూపు మందగించాక పనంతా పిల్లే చేసేది. దాని చేతులు మోచేతుల దాకా నీలంగా ఉండేవి, ఎంత రుద్దినా పోయేవి కావు. కొడుకు ఆ పిల్లను చేసుకుంటానని అడిగిన రోజు దారాలమ్మ, "ఆ చేతులతో వడ్డిస్తే నీ మూతి కూడా నీలమైపోతుందిరా" అని కొట్టిపారేసింది. కొడుకు ఎదురు చెప్పలేదు. నెల తిరక్కుండానే సైన్యం పిలిచింది. బండి ఎక్కేముందు తల్లి కాళ్ళ దగ్గర కాసేపు కూర్చున్నాడు. కానీ బండి కదిలాక చూసింది మాత్రం డాబా వైపు. దారాలమ్మ అది మర్చిపోలేదు.

ఒకరోజు ఉండబట్టలేక, ఊదారంగు నూలు కావాలన్న వంకతో మెట్లెక్కింది.

"రండి అత్తయ్యగారూ" అంటూ పిల్ల కుర్చీ వేసింది.

"అత్తయ్య గిత్తయ్య అనకు. పిన్నీ అను చాలు."

"పిన్నీ అంటే మీ అబ్బాయి నాకు అన్నయ్య అవుతాడు కదండీ" అంది పిల్ల, నవ్వు ఆపుకుంటూ.

దారాలమ్మ కుర్చీ లాక్కుని సరిగ్గా జల్లు కింద వేసుకుని కూర్చుంది. తల తడిసింది, భుజాలు తడిశాయి. గొడుగు తెస్తానన్నా వద్దంది. నా కొడుకు మీద పడే వాన నా మీద పడితే నీకేం బాధ అన్నట్టు చూసింది.

ఇంతలో పైనుంచి సన్నటి పొగ దిగింది. సిగరెట్టు పొగ. పిల్ల చేతిలో కర్ర ఆపి కళ్ళు మూసుకుంది.

"కాలుస్తున్నాడా?" అంది దారాలమ్మ.

"ఇప్పుడే తిన్నట్టున్నాడండీ. ఖాళీ కడుపుతో అయితే దగ్గుతాడు, పొగ తెగి తెగి వస్తుంది. ఇవాళ ఒక్కటే తీగలా వచ్చింది."

దారాలమ్మ గుండెల్లో ఎవరో గుండుసూది గుచ్చినట్టయింది. ఆ కంపు పసిగట్టి వాడి జేబులు వెతికి మరీ తిట్టిన మనిషి తను. వాడు దగ్గుతాడని తనకు తెలియదు. ఈ పిల్లకు తెలుసు.

పైనుంచి పొగ దిగినట్టే, కిందనుంచి ఆవిరి ఎక్కేది. పిల్ల ఏ రంగు మరిగిస్తే ఆ రంగు ఆవిరి ఆ ముక్క ఆకాశంలోకి పోయి, అక్కడ అతని మీద వానగా పడేది. కాలు దెబ్బతిని తిరిగొచ్చిన సిపాయి ఒకాయన కొట్టు ముందు నిలబడి అదంతా చెప్పాడు. "కొండ మీద మేమంతా మామూలు వానలో తడుస్తామమ్మా, మీవాడు మాత్రం పసుపు వానలో తడుస్తాడు. ఒక్కోసారి మాకూ నాలుగు చుక్కలు చిందుతాయి. వెంటనే సిగరెట్టు వెలిగిస్తాడు. జవాబట అది!" దారాలమ్మ ఆయనకు నవ్వుతూనే టీ ఇచ్చింది. ఆయన పోయాక గుండీల డబ్బా నేలకేసి కొట్టింది. తర్వాత సాయంత్రం దాకా వంగి వంగి గుండీలు ఏరుకుంది.

తన డాబా మీదా ప్రయత్నించకపోలేదు. కొడుకు చొక్కా ఆరేసింది. చెప్పులు పెట్టింది. దిండు ఎండలో వేసి, పక్కనే కుర్చీలో కూర్చుని పైకి చూసింది. ఆకాశం ఇసుమంత కూడా జరగలేదు. పిట్టలు వచ్చి చెప్పుల మీద రెట్టలు వేసి పోయాయి. ఆ రోజు నుంచీ రంగులాయన దగ్గర నూలు కొనడం మానేసి మిల్లు నూలు తెప్పించుకుంది.

అలాంటి మనిషిని ఒక మధ్యాహ్నం ఆ పిల్లే వచ్చి బతిమాలింది. తండ్రి మెట్ల మీద జారి నడుము పట్టేసి లేవలేకపోతున్నాడు. డాక్టరు కోసం పరిగెత్తాలి. కాగులో పసుపు మరుగుతోంది.

"కాసేపు పొయ్యి చూస్తారా? మంట తగ్గితే రంగు విరిగిపోతుంది. పసుపు చూడకపోతే తను కంగారు పడతాడు."

"పసుపంటే ఏమిటో?"

"ఇక్కడంతా క్షేమమని. నీలమంటే నీ కోసమే చూస్తున్నానని. అదిగో ఆ మూల నల్ల రంగు డబ్బా ఉంది, దాన్ని మాత్రం ముట్టుకోకండి. నలుపు వేశామంటే..."

కింద తండ్రి బాధతో కేక పెట్టాడు. పిల్ల మాట సగంలో వదిలేసి పరుగెత్తింది.

దారాలమ్మ ఒక్కతే మిగిలింది. తలపైన కొడుకు ఆకాశం. అక్కడ ఎండగా ఉన్నట్టుంది, లేత వెలుతురు పడుతోంది. కర్రతో కాగు కలుపుతుంటే పసుపు ఆవిరి మెలికలు తిరుగుతూ పైకి పోతోంది. ఇంత కాలంగా ఈ పిల్ల చేసేది ఇదన్నమాట. ఇక్కడ కర్ర తిప్పితే అక్కడ వాడు నవ్వుతాడు. కాసేపటికి పొగ దిగింది, ఒక్కటే తీగలా. వాడు జవాబిచ్చాడు. తనకు కాదు. కర్ర ఎవరి చేతిలో ఉందో వాడికేం తెలుసు?

పసుపు క్షేమం, నీలం ప్రేమ. ఇక నలుపంటే వేరే చెప్పాలా? తెగిపోయిందని. నా ఆశ వదులుకొమ్మని. ఒక్కసారి అది చూస్తే చాలు, వాడు ఏడ్చి ఊరుకుంటాడు. ఆ తర్వాత ఆ ఆకాశం ఎక్కడికి వస్తుంది? అమ్మ దగ్గరికి రాక ఎక్కడికి పోతుంది?

ఆవిడ ఇంకేమీ ఆలోచించలేదు. డబ్బా మూత తీసి మొత్తం కాగులో ఒంపేసింది.

పసుపు ఒక్క క్షణం మురికి ఆకుపచ్చయింది, ఆనక తారులా మారింది. నల్లటి ఆవిరి దట్టంగా లేచి పైకి పాకింది. దుప్పటంత ఆకాశం మసిగుడ్డ అయిపోయింది.

డాక్టర్ని తీసుకొచ్చిన పిల్ల వీధిలోంచే ఆ నలుపు చూసింది. డాక్టర్ని తండ్రి దగ్గర వదిలి మెట్లు రెండేసి చొప్పున ఎక్కింది. కాగు వైపు చూడనే లేదు. తిన్నగా వచ్చి దారాలమ్మ రెండు చేతులూ పట్టుకుని, మొహం తడిమి, నుదురు తడిమి చూసింది.

"మీరు బాగానే ఉన్నారు కదా? ఎక్కడైనా నొప్పిగా ఉందా? ఊపిరాడుతోందా?"

"నాకేమయిందే?"

"నలుపంటే మీరేనండీ" అంది పిల్ల. "వెళ్ళేముందు తనే చెప్పాడు. నీకు జబ్బు చేసినా నేను రాలేను, ఇల్లు కాలిపోయినా రాలేను. అమ్మ పోతే మాత్రం ఎవరు ఆపినా వస్తాను, తలకొరివి వేరే ఎవరి చేతా పెట్టనివ్వను, అప్పుడు ఒక్కసారి నలుపు వెయ్యి అన్నాడు."

దారాలమ్మ కాగు పక్కనే నేల మీద కూలబడింది. ఆ కొండ మీద తన కొడుకు ఇప్పుడు నల్లవానలో నిలబడి తల్లి పోయిందని ఏడుస్తున్నాడు. ఏడిపించింది తనే. నెలల తరబడి తను అసూయతో ఉడికిపోతుంటే, వాడు ఒక రంగు రంగంతా తన కోసం పక్కన పెట్టి ఉంచాడు.

"పొరపాటున పడలేదే. నేనే వేశాను" అంది. "నిన్ను మర్చిపోతాడని వేశాను."

పిల్ల నీలం చేతుల్ని ముందు కట్టుకున్న గుడ్డకు తుడుచుకుంటూ నిలబడింది. తిడుతుందేమో, తిడితే బాగుండునని దారాలమ్మ ఎదురుచూసింది.

"లేవండి. కాగు కడగాలి, అటు చెవి పట్టుకోండి" అంది పిల్ల.

ఇద్దరూ కాగు వంచి, బూడిదేసి తోమి, నీళ్ళు మోసి మళ్ళీ పసుపు మరిగించారు. ఆవిరి పైకి వెళ్ళింది. పొగ మాత్రం దిగలేదు. మర్నాడు డాబా మీద ఎర్రదుమ్ము రాలింది. కొండ మీద ఎర్రదుమ్ము ఎక్కడిది? ఆ మర్నాడు మసి రాలింది, ముట్టుకుంటే జిడ్డుగా బొగ్గు పొడి.

"రైలు" అంది పిల్ల.

నల్లవాన ఆ రోజు ఒక్క అతని మీదే పడలేదట. డబ్బా మొత్తం ఒంపేసింది కదా, దళం మొత్తాన్నీ తడిపేసిందట. అధికారి టోపీ తీసి పిండుకుని, "మీ అమ్మా?" అని అడిగి, "పో, తొందరగా వచ్చెయ్" అన్నాడట. అవన్నీ తర్వాత తెలిసిన సంగతులు.

ఈలోగా మంగలి కొట్టులో రేడియో చెప్పింది. ఆ కొండ శత్రువుల చేతికి పోయింది. కొండ మీద ఉన్నవాళ్ళలో ఎవరూ మిగల్లేదు. దారాలమ్మ, పిల్ల ఒకరి మొహం ఒకరు చూసుకుని, ఒకేసారి పైకి చూశారు. డాబా మీద చిన్న చినుకులు పడుతున్నాయి, మధ్యలో రైలు పొగ కలుస్తోంది. బతికే ఉన్నాడు.

ఆ సాయంత్రం వడ్రంగి భార్య మెట్లెక్కి వచ్చింది. ఆవిడ కొడుకూ ఆ కొండ మీదే ఉండేవాడు. వాళ్ళ ఇంటి మీద ఏ ఆకాశమూ ఎప్పుడూ నిలబడలేదు. వచ్చి, గోడ పట్టుకుని నిలబడి ఆ పొగ వైపు, తర్వాత దారాలమ్మ వైపు చూసింది. ఆ చూపు దారాలమ్మకు బాగా తెలుసు. తన అద్దంలో రోజూ చూసినదే. తల దించుకుని, కుర్చీ తెచ్చి వడ్రంగి భార్యను చినుకుల కింద కూర్చోబెట్టి, చీకటి పడేదాకా ఆవిడ పక్కనే నిలబడింది. నా కొడుకు వస్తున్నాడన్న మాట నోట్లోంచి రానివ్వలేదు.

ఆ తర్వాత దారాలమ్మ కొట్టు సగం పూటే తెరిచింది. మిగతా పూటంతా ఎదురింటి డాబా మీదే. ఆకాశం పూటకో రకంగా మారేది. ఒకచోట వడగళ్ళు, ఒకచోట వేడిగాలి, ఒకచోట ఏదో పంట కోసిన వాసన. రోజురోజుకూ ఆ ముక్కకూ ఊరి ఆకాశానికీ తేడా తగ్గుతూ వచ్చింది. ముందు ఎండ రంగు కలిసింది. తర్వాత గాలి ఒకే వైపు వీచింది.

ఒక మధ్యాహ్నం చిలపలు పిండుతున్న పిల్ల ఉన్నట్టుండి ఆగిపోయింది.

"అత్తయ్యగారూ, అంచు కనిపిస్తోందా మీకు?"

దారాలమ్మ కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని వెతికింది. ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకటే నీలం. కొడుకు ఆకాశం ఎక్కడ మొదలైందో, ఊరిది ఎక్కడ అయిపోయిందో తెలియడం లేదు.

కింద వీధిలో ఎవరో పరిగెత్తుతున్నారు. బూట్ల చప్పుడు. గడ్డం పెరిగి, నల్లమరకల చొక్కాతో ఒక మనిషి వచ్చి దారాల కొట్టు ముందు ఆగాడు. సగం మూసిన చెక్కలు చూసి, వాటికి తల ఆనించి, భుజాలు కదిలేలా ఏడవడం మొదలుపెట్టాడు.

దారాలమ్మ కాళ్ళు మెట్ల వైపు దూకబోయాయి. మొదటి మెట్టు మీద ఆగిపోయింది. వెనక్కి తిరిగి పిల్ల భుజం పట్టి ముందుకు తోసింది.

"ముందు నువ్వు వెళ్ళు. నన్ను ఉన్నపాటున చూస్తే దెయ్యమనుకుని జడుసుకుంటాడు. అమ్మ బతికే ఉందని మెల్లగా చెప్పు."

పిల్ల మెట్లు దిగి వీధి దాటింది. దారాలమ్మ పిట్టగోడ పట్టుకుని చూస్తూ నిలబడింది. పిల్ల ఏదో చెప్పింది. వాడు తలెత్తాడు. చెప్పిన దాంట్లో సగం విన్నాడో లేదో, ఆ నీలం చేతుల్లో మొహం దాచుకుని నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియకుండా ఉండిపోయాడు. పిల్ల వాడి జుట్టు నిమిరింది. నిమురుతూనే ఉంది.

దారాలమ్మ కాసేపు ఓపిక పట్టింది. ఇంకాసేపు పట్టింది.

"ఇక చాల్లేవే" అని పైనుంచి ఒక్క కేక వేసి, గబగబా మెట్లు దిగింది.