పొగవాళ్ల గుమ్మం

వెనక తలుపు తెరుచుకోగానే సిగరెట్లు తాగేవాళ్లంతా తడి దుప్పట్లు ఎక్కడివక్కడ వదిలేసి బయటికి నడిచారు. ఇస్త్రీ ఆయన మాత్రం దుప్పట్లు ఇస్త్రీ చేసే వేడి రోలరు ముందే నిలబడిపోయాడు. చొక్కా ఒంటికి అతుక్కుపోయింది.

ఆస్పత్రుల దుప్పట్లు ఉతికి, ఇస్త్రీ చేసి పంపే లాండ్రీ అది. అక్కడ పొగ తాగేవాళ్లకు పూటకోసారి విరామం ఉంది. తాగనివాళ్లకు లేదు. ఎవరు పెట్టారో తెలియదు గానీ అదే ఆనవాయితీ అయిపోయింది. కుర్రతనంలో ఆయన సిగరెట్ పట్టింది కూడా రుచి కోసం కాదు, ఆ తలుపు అవతలి గాలి కోసం.

అన్నయ్య కూడా ఈ రోలరు దగ్గరే పనిచేశాడు. దగ్గి దగ్గి కిందటేడు పోయాడు. మూటలు దిగినప్పుడల్లా, చివరి రోజున ఆస్పత్రిలో అన్నయ్య కప్పుకున్న దుప్పటి ఇందులో ఉందేమోనని ఈయన చేతులు వాటంతటవే తడుముతాయి. ఇప్పుడు అదే దగ్గు తనకూ పట్టుకుంది. "నీకింకా టైముంది, మానెయ్," అన్నాడు డాక్టరు. మానేశాడు.

సిగరెట్ మానాలనుకునేవాళ్లను నర్సమ్మ వారానికోసారి క్లినిక్కులో కూర్చోబెడుతుంది. నిన్న సాయంత్రం కూడా ఎప్పుడూ చెప్పే మాటే చెప్పింది.

"తాగాలనిపించగానే లేచి కాసేపు అటూ ఇటూ నడవండి."

"నేను నడిస్తే బస్సు మీరు నడుపుతారా నర్సమ్మా?" అన్నాడు అక్కడికొచ్చే బస్సు డ్రైవరు. అందరూ నవ్వారు.

ఇస్త్రీ ఆయనకు నవ్వు రాలేదు. "తాగినన్నాళ్లూ గాలి దొరికింది. మానేశాక ఆవిరే మిగిలింది. పోయిన వారం మా లాండ్రీవాడొకడు, సిగరెట్ ఊరికే చేత్తో పట్టుకో, బయటికి వదుల్తారన్నాడు. పట్టుకున్నాను. వెలిగించేశాను. ఇంక నావల్ల కాదు సిస్టర్."

నర్సమ్మ ముఖం వాడిపోయింది. "బిళ్లలివ్వగలను, ధైర్యం చెప్పగలను. మీ లాండ్రీ తలుపు నా చేతిలో లేదన్నా."

మూలన కూర్చున్న కుట్టుపని అక్క విసుక్కుంది. "సిగరెట్‌కి తీసే తలుపు మనిషికి తియ్యరా? అడిగావా ఎప్పుడైనా?"

అడగలేదు. అడగొచ్చని కూడా తోచలేదు.

ఇవాళ మళ్లీ రోలరు మీంచి ఆవిరి ముఖానికి కొట్టింది. దగ్గు తెర ముంచుకొచ్చింది. అది తగ్గేదాకా ఆగి, ఆయన మెషిను ఆపి, వెనక తలుపు దాటాడు.

సూపర్‌వైజరు గోడకి ఆనుకుని పొగ వదులుతున్నాడు. "ఏమయ్యా, మళ్లీ మొదలెట్టావా? మానేస్తానని ఊరంతా చాటావుగా!"

"మొదలెట్టలేదు."

"మరి సిగరెట్ ఏది?"

"లేదు."

పక్కవాడు జాలిపడి పెట్టె చాపాడు. "తీసుకో బావా. గొడవెందుకు?"

ఆయన వేళ్లు కదిలాయి. చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

"కాల్చనివాడికి ఇక్కడేం పని? లోపలికి పో," అన్నాడు సూపర్‌వైజరు.

"పోను."

ఆ మాట తన నోట్లోంచే వచ్చిందా అన్నట్టు ఆయనే ఉలిక్కిపడ్డాడు. ఒక ఖాళీ బుట్ట బోర్లించి దాని మీద కూర్చున్నాడు.

లోపల దుప్పట్లు మడతపెట్టే పెద్దావిడ తలెత్తింది. ఆమె జన్మలో సిగరెట్ ముట్టలేదు. పని వేళలో ఆ తలుపు దాటనూ లేదు. చేతిలోని దుప్పటిని సగం మడతలోనే బల్ల మీద పెట్టి, కొంగుతో మెడ తుడుచుకుంటూ, గుమ్మం దాకా వచ్చి ఆగింది.

"ఏమ్మా, నీకేం కావాలి?" అని అరిచాడు సూపర్‌వైజరు.

ఆమె బుట్ట మీద ఆయన పక్కన ఇంకొకరికి చోటుందా అని చూస్తోంది.