జోహార్ తర్వాతి పేరు

దేదీప్య కారు మెకానిక్ దగ్గర ఉండబట్టి గానీ, లేకపోతే కృష్ణవేణి జన్మలో బార్ గడప తొక్కేది కాదు. కూతుర్ని మోరిస్‌విల్ నుంచి రాలీకి తీసుకొచ్చి దింపి, పార్కింగ్‌లోనే ఫోన్ చూసుకుంటూ కూర్చుందామనుకుంది. అక్టోబరు నెలే అయినా ఎండ అద్దంలోంచి చుర్రుమంది. పావుగంటకే ఓపిక నశించి లోపలికి నడిచింది. వెనకగదిలో ఓ మూల కుర్చీ చూసుకుని, చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని, రైల్వే స్టేషన్లో సామాను కాపలా కాస్తున్న మనిషిలా బిగుసుకుని కూర్చుంది.

దేదీప్య చిన్నప్పుడు నేర్చుకున్నది కర్ణాటక వయొలిన్. యూనివర్సిటీకి వెళ్ళిందో లేదో వర్ణాలూ కృతులూ కట్టిపెట్టి ఐరిష్ పాటల్లో పడింది. ఆదివారం మధ్యాహ్నాలు ఈ గదిలో ముప్పైమంది దాకా చేరి వాయిస్తారు, పాడతారు. టికెట్ లేదు, స్టేజీ లేదు. "దీనికోసమా పన్నెండేండ్లు క్లాసులకు తిప్పింది?" అని కృష్ణవేణి సణగని వారం లేదు. సణుగుడు ఆమె హక్కు, వినకపోవడం కూతురి హక్కు. ఇద్దరికీ అలా చెల్లిపోతోంది.

కాసేపటికి డెక్లన్ అనే ముసలాయన పాట ఎత్తుకున్నాడు. డెబ్బై అయిదేళ్ళుంటాయి, ఒకప్పుడు బస్సు నడిపేవాడట. లేచి నిలబడనైనా లేదు. కళ్ళు మూసుకున్నాడు, అంతే. గదిలో గ్లాసుల చప్పుడు ఆగిపోయింది.

పాట ఒక కుర్రాడి గురించి. పద్దెనిమిదేళ్ళవాణ్ణి తెల్లారుతూండగా జైలు గోడకు ఆనించి నిలబెట్టి కాల్చేశారు. ముసలాయన యాస ముద్దగా ఉండి కృష్ణవేణికి సగం మాటలు అందలేదు. కానీ ప్రతి చరణం చివరా ఆ కుర్రాడి పేరొస్తోంది. మార్టిన్ కీన్. వాడి ఊరి పేరు కూడా వస్తోంది, తల్లి పేరు కూడా. పేరు రాగానే గదంతా గొంతు కలుపుతోంది. అది ఏడుపు గొంతు కాదు. వాడి తరఫున అందరూ హాజరు పలుకుతున్నట్టుంది.

వాడు పోయి తొంభై ఏళ్ళు దాటింది. కాల్చమని ఆర్డరు వేసిన ఆఫీసరు పేరు ఈ గదిలో ఒక్కడికీ తెలిసుండదు. ఆ కుర్రాడి పేరు మాత్రం సముద్రం దాటొచ్చి ఈ బార్‌లో కూర్చుంది. ఆ సంగతి బుర్రకెక్కేసరికి కృష్ణవేణి కళ్ళు నిండిపోయాయి. గ్రీన్ కార్డు కోసం తొమ్మిదేళ్ళు కాచుకున్నప్పుడు కూడా ఏడవని మనిషి, చున్నీతో ముక్కు తుడుచుకుంది.

అక్కడొక ఆచారం ఉంది. పాడినవాళ్ళు తర్వాత పాడాల్సినవాళ్ళను పిలుస్తారు. పిలిచాక కాదనకూడదు. డెక్లన్ కళ్ళు తెరిచి గదంతా చూసి, మూల కుర్చీలో చున్నీ నలుపుకుంటున్న ఆమె దగ్గర ఆగాడు. "ఆ ఏడ్చినామె పాడాలి" అన్నాడు.

దేదీప్య కంగారుపడిపోయింది. "నో నో, మా అమ్మ పాడదు. అమ్మా, ఇట్స్ ఓకే, వద్దు అని చెప్పు."

"పాడుత" అంది కృష్ణవేణి. తనే ఆశ్చర్యపోయింది. ఆమెకు వచ్చిన పాట ఒక్కటే. తల్లి రాజేశ్వరమ్మ కట్టిన పాట. పెద్దకొడుకు పోయినప్పుడు కట్టుకుని, చచ్చేదాకా ఇంటి లోపల మాత్రమే పాడుకున్న పాట.

"సద్ది గట్టి ఉంచితి సందె గాక ముందే
తిరిగొస్తనంటివి తొవ్వ మరిచితివా
జోహార్... కొడుకా జోహార్..."

తల్లి ఎలా పాడేదో అలాగే పాడింది. ఆమె ఆగినచోట ఆగింది, గుటక మింగినచోట మింగింది. రెండో చరణానికి ఆ ముప్పైమందీ 'జోహార్' పట్టుకున్నారు. అర్థం తెలియదు, అయినా ఎక్కడ కలవాలో వాళ్ళకు పుట్టుకతో తెలుసు. కాకపోతే ఆ మొదటి జోహార్ తర్వాత ప్రతిసారీ తడబడ్డారు. ఆమె ఆగిపోయేది, వాళ్ళు ఖాళీలోకి దూకి నాలిక కరుచుకునేవాళ్ళు.

పాట అయ్యాక ఎవరూ చప్పట్లు కొట్టలేదు. డెక్లన్ టోపీ తీసి గుండెకు ఆనించుకున్నాడు. ఎవరి పాట అని అడిగాడు. చనిపోయిన అన్న పాట అని చెప్పింది. ముసలాయన మోకాళ్ళు పట్టుకుని లేచి గ్లాసు ఎత్తాడు.

"జోహార్‌కి" అన్నాడు.

"జోహార్‌కి!" అంది గదంతా.

కృష్ణవేణికి నవ్వొచ్చింది. కూతురు కూడా నవ్వుతోందేమోనని చూసింది. దేదీప్య కూడా గ్లాసు ఎత్తి ఉంది. కళ్ళనిండా నీళ్ళు.

"అమ్మా, మామయ్య పేరు జోహారా? నాకు ఎప్పుడూ చెప్పలేదు."

నవ్వు అక్కడికక్కడే ఎండిపోయింది. ముసలాయనకు తెలుగు రాదు, పొరపాటు పడ్డాడు. కన్నకూతురికి ఏమైంది? జోహార్ అంటే వందనమని తెలియదు, సరే. సొంత మేనమామ పేరు తెలియదు. తెలిసే దారి ఏదీ? ఆ పాటలో లేదు. ఇంట్లో గోడ మీద లేదు. కృష్ణవేణి నోట్లోనే ఎన్నాళ్ళుగానో లేదు.

తిరుగుదారిలో కారు నడుపుతూ చెప్పింది. రోడ్డు మీంచి చూపు తిప్పకుండా మాట్లాడాల్సి రావడం మేలైంది.

"పేరు అంజయ్య. పందొమ్మిదేండ్లు. అరవై తొమ్మిదిల, తెలంగాణ కావాలని కాలేజీ పోరగాండ్లంత రోడ్డెక్కినప్పుడు పోలీసులు కాల్చిండ్రు. నాకు ఎనిమిదేండ్లు."

"బట్ అమ్మా, ఫీవర్ అని చెప్పావు కదా?"

"బాపు గట్ల రాయించిండు. తాలూకాఫీసుల క్లర్కు, నౌకరి పోతదని భయం. నలుగురు పిల్లలం ఇంకా ఉన్నం గద. మా అమ్మ వాకిట్ల కూసొని పాట ఎత్తుకున్నది. బాపు ఉరికొచ్చి నోరు మూసిండు. పాడుకుంటె పాడుకో, పేరు మాత్రం గోడ దాటొద్దన్నడు. అంతే. మళ్ళ ఎవ్వరం పేరు తియ్యలే."

తండ్రి మీద ఆమెకు కోపం లేదు. ఆ ఉద్యోగం తిండే తిని పెరిగింది. కోపమంతా తన మీదే. తండ్రి పోయాడు, తల్లి పోయింది, మిగతా అన్నదమ్ములూ పోయారు. భయపెట్టినవాళ్ళలో ఒక్కరూ మిగల్లేదు, భయం మాత్రం మిగిలింది. మొన్న జులైలో తెలంగాణ ఇస్తామని ఢిల్లీ నుంచి ప్రకటన రాగానే, అరవై తొమ్మిదిలో పోయినవాళ్ళ జాబితాల కోసం ఇంటర్నెట్ అంతా గాలించింది. అంజయ్య ఏ జాబితాలోనూ లేడు. జ్వరమొచ్చి పోయినవాణ్ణి అమరుల జాబితాలో ఎవరు రాస్తారు? ఇక ఆ పేరు తెలిసింది ఈ భూమ్మీద తనొక్కతికే. తను పోతే అన్న రెండోసారి పోతాడు.

"పేరు పాటలో పెట్టాలి" అంది దేదీప్య.

"పెడుత. వచ్చే ఐతారం గక్కడ్నే పాడుత" అంది కృష్ణవేణి.

అనడం తేలికే. సోమవారం ఆఫీసుకు వెళ్తూ కారులో 'కొడుకా' తీసేసి 'అంజయ్యా' అని పెట్టి చూసింది. పాట కుంటింది. మంగళవారం పేరు ముందుకు జరిపింది, బుధవారం చరణంలోకి తోసింది. ఎటు పెట్టినా కాలికి పట్టని చెప్పులా ఉంది. పైగా తల్లి కట్టిన మాట తీసేస్తుంటే తల్లి చెయ్యి విదిలించుకున్నట్టనిపించి, గురువారం పొద్దున ట్రాఫిక్ లైటు దగ్గర స్టీరింగ్ మీద ఒక్కటిచ్చుకుంది. అయినా వదల్లేదు. ఈసారి వదిలితే మళ్ళీ పట్టుకోనని ఆమెకు బాగా తెలుసు.

శనివారం దేదీప్య ఇంటికొచ్చింది. కృష్ణవేణి బెండకాయలు తరుగుతూ పాడుతోంటే, పిల్ల వయొలిన్ తీసి వెనకే వాయించింది. రెండుసార్లు వాయించి ఆగిపోయింది.

"అమ్మా, ఫస్ట్ జోహార్ తర్వాత ఎందుకు ఆగుతావు?"

"మా అమ్మ గక్కడ ఆగేది. దుఃఖం ఆగక గుటక మింగేది."

"ప్రతిసారి?"

"ప్రతిసారి."

"ఎంతసేపు?"

కృష్ణవేణి కత్తి పక్కన పెట్టి, కళ్ళు మూసుకుని, తొడ మీద తాళం వేస్తూ తల్లిని గుర్తు చేసుకుంది. తల్లి రోటి దగ్గర పాడినా, దీపం ముందు పాడినా, చివరి రోజుల్లో మంచంలో పీలగొంతుతో పాడినా, ఆ ఆగడం రెండే దెబ్బలు. ఎక్కువా కాదు, తక్కువా కాదు.

"ఏడుపు వస్తే ఎవరూ అంత కరెక్ట్‌గా ఆగలేరు అమ్మా" అంది దేదీప్య. "అది ఏడవడం కాదు. అక్కడ ఏదో వర్డ్ ఉంది. అమ్మమ్మ అది లోపల పాడింది."

వయొలిన్ ఎత్తి మళ్ళీ వాయించింది. జోహార్ తర్వాత ఆగకుండా ఆ రెండు దెబ్బల్నీ నింపింది. కృష్ణవేణి నోట్లోంచి పేరు దానంతటదే వచ్చింది.

"జోహార్ అంజయ్యా, కొడుకా జోహార్."

అతికినట్టు సరిపోయింది. సరిపోక ఏం చేస్తుంది, అది దాని చోటే. రాజేశ్వరమ్మ మొగుడి మాట జవదాటలేదు, కొడుకు చోటు మరొకరికి ఇవ్వలేదు. నలభై ఏళ్ళపాటు ఆ రెండు దెబ్బల్నీ అలాగే కాపాడుకుంటూ వచ్చింది. కృష్ణవేణి సింకు పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. దేదీప్య వయొలిన్ పక్కన పడేసి వచ్చి వెనకనుంచి వాటేసుకుంది.

ఆదివారం మధ్యాహ్నం తల్లీకూతుళ్ళు వేళకు ముందే వెళ్ళారు. ఈసారి కృష్ణవేణి మూల కుర్చీకి పోలేదు. డెక్లన్‌కు ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుని, ఎవరూ పిలవకుండానే ముందు తనే పాడాలని చెప్పింది. అది ఆచారం కాదు. ఆమె ముఖం చూసి ఎవరూ ఆ మాట అనలేదు.

లేచి నిలబడింది. ఇరవై ఏళ్ళుగా మీటింగుల్లో మాట్లాడుతున్న ఇంగ్లీషే, ఇవాళ తడబడింది. పోయిన వారం మీరు గ్లాసు ఎత్తింది మా భాషలో ఒక వందనానికి, మా అన్నకు కాదు అని చెప్పింది. మా అన్న పేరు అంజయ్య. తల్లి పేరు రాజేశ్వరమ్మ. పందొమ్మిదేళ్ళు. జ్వరంతో పోలేదు. తుపాకీ గుండుతో పోయాడు. ఆ ఆఖరి మాట ఆమె ఇంటి మనుషులు బయటివాళ్ళ ముందు అనడం నలభై నాలుగేళ్ళలో ఇదే మొదటిసారి. అన్నాక కూర్చోలేదు.

పాట ఎత్తుకుంది. మొదటి చరణం అయింది. జోహార్ దగ్గరికి వచ్చేసరికి దేదీప్య వయొలిన్ ఆ రెండు దెబ్బల్నీ చూపించింది, గదంతా కలిసి పేరు అందుకుంది.

"అంజాయా!"

కృష్ణవేణి చెయ్యెత్తి పాట ఆపేసింది. పాట మధ్యలో ఆపడం ఆ గదిలో ఎన్నడూ జరగలేదు. దేదీప్య సిగ్గుతో కుంచించుకుపోయి, "అమ్మా, ఇట్స్ ఫైన్, దగ్గరగానే వచ్చింది కదా" అని గొణిగింది.

"దగ్గరగ వస్తే సాలదు" అంది కృష్ణవేణి. ముప్పైమందినీ ఒక్కొక్కరిగా చూసింది. "అం. జ. య్యా. ఒత్తి పలకాలి. మళ్ళీ."

డెక్లన్ బుద్ధిగా టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. మళ్ళీ అన్నారు. ఇంకా కుదరలేదు. మళ్ళీ అనమంది. మూడోసారికి ఒత్తుతో సహా సరిగ్గా వచ్చింది. బయట బల్లల దగ్గర తింటున్నవాళ్ళు కూడా తలలు తిప్పి, ఎవరీ అంజయ్య అని లోపలికి చూశారు.

అప్పుడు కృష్ణవేణి రెండో చరణం ఎత్తుకుంది.