మచ్చలో ఉన్న మనిషి

అద్దకం షెడ్డు పాత ఫొటో మ్యూజియం తెర మీద నీళ్లలో తేలుతున్నట్టు వెలుగుతోంది. పేటవాళ్లు ఒక్కో ముఖాన్నీ గుర్తుపట్టి పేరు చెబుతుంటే, మ్యూజియం అమ్మాయి కంప్యూటర్లోకి ఎక్కిస్తోంది.

"చివర్న ఉన్న ఈ మచ్చ తుడిచేస్తున్నా," అంది.

పేటంతా బాబాయి అని పిలిచే ముసలాయన గబుక్కున తెర ముందుకొచ్చాడు. పదేళ్లు ఆ రంగుల్లో మునిగిన మనిషికి అక్కడ దిగిన ఫొటో అదొక్కటే.

"అమ్మా తల్లీ, ఆ మచ్చ నేనే! కదలొద్దంటే కోతిలా తలాడించాను."

అందరూ గొల్లుమన్నారు.

"నీ కోతలకేం గానీ, రుజువేది బాబాయ్?" అన్నారెవరో.

బాబాయి అక్క కుర్చీలోంచి లేచింది. ఫొటోలోనూ ఆమె మచ్చ పక్కనే ఉంది, చెయ్యి అందులోకి చాచి. ఇప్పుడదే చెయ్యి చాచి తమ్ముడి చెవి మెలేసింది.

"ఆ రోజూ చెప్పాను, కుదురుగా నిలబడి చావరా అని!"

తెర మీది వేళ్లూ చెవి మీది వేళ్లూ ఒక్కలాగే వంగి ఉన్నాయి. ఎన్నడో ఎండిపోయిన రంగుతొట్ల ఆవిరి గదిలోకి మెల్లగా పాకినట్టనిపించింది బాబాయికి. అమ్మాయి మచ్చ మీద ఆయన పేరు రాసింది. మళ్లీ ఫొటో తీస్తానని ఫోను ఎత్తింది.

"కదిలావో!" అంది అక్క, చెవి వదలకుండానే.

బాబాయి కదల్లేదు. నాలుక మాత్రం బయటపెట్టాడు.