ఒక మెట్టు కిందికి

మా ఆఫీసులో భవనాల గురించి రాయడానికి మూడే మాటలుండేవి. బాగుంది, మరమ్మతు కావాలి, శిథిలావస్థ. ముప్పై నాలుగేళ్లు ఓవర్సీరుగా నేను వెలగబెట్టిన ఉద్యోగమంతా గోడలు తట్టి చూసి, ఈ మూడింటిలో ఒకటి రాసి, కింద సంతకం గీకడమే.

ఇందులో బయటివాళ్లకు తెలియని కిటుకు ఒకటుంది. ‘మరమ్మతు కావాలి’ అని రాసిన ఫైలు ఈ జన్మలో కదలదు. ‘శిథిలావస్థ’ అని రాస్తేనే పైవాడు ఉలిక్కిపడి మంజూరు చేస్తాడు. అందుకని మేమందరం ఒక మెట్టు కిందికి రాసేవాళ్లం. పెచ్చులూడితే మరమ్మతు అనేవాళ్లం, కప్పు కురిస్తే శిథిలం అనేవాళ్లం. చదివే అధికారి కూడా ఒకప్పుడు మాలాగే రాసి పైకెక్కినవాడే కనుక, తనూ ఒక మెట్టు పైకి చదువుకునేవాడు. ఎవరి మనస్సాక్షికీ చీమ కుట్టినట్టయినా ఉండేది కాదు. పని పూర్తయ్యాక ‘బాగుంది’ అని తిరగరాసే తెలివితక్కువవాడు మా సెక్షన్లో ఎవడూ లేడు. అలా రాస్తే మళ్లీ వానాకాలానికి అడగడానికి నోరుండదు కదా.

ఇరవై రెండేళ్ల కిందట మా అక్క పని గది కురిసింది. పాత తపాలా భవనం, దాని పక్కన పాత తూకాల కచేరీ, ఆ రెండింటినీ కలుపుతూ పొడుగాటి వరండా. అన్నీ మా శాఖవే. ఆ వరండా చివరి గది అద్దెకు తీసుకుని అక్క పుస్తకాలు బైండు చేసేది. వెనకగదిలో కాపురం. కాపురమంటే ఒక మంచం, ఒక స్టవ్వు, తను. పెళ్లెందుకు చేసుకోలేదని అడిగినవాళ్లకి ‘తీరిక దొరకలేదు’ అని జవాబు. నిజానికి ఆ తీరికంతా నా చదువు మింగేసింది. అమ్మానాన్నలు పోయేసరికి నాకు ఏడేళ్లు, అక్కకి పదిహేను. ఆ జిగురు డబ్బా ముందు కూర్చుని, కోర్టు రిజిస్టర్లూ లైబ్రరీ పుస్తకాలూ కుట్టి నన్ను మనిషిని చేసింది.

బైండింగు పనికి శత్రువు చెమ్మ. కాగితం ఉబ్బుతుంది, అట్ట వంకర పోతుంది, జిగురు బూజు పడుతుంది. ఆ గదికి రెండడుగుల మందం సున్నపు గోడలు. బయట ఎంత ముసురు పట్టినా లోపల కాగితం పెళపెళలాడుతూ ఉండేది. చక్రం తిప్పి బిగించే ఇనప ప్రెస్సు ఒకటి, ఏనుగంత బరువు, రాతి నేల మీద కాబట్టి కదలకుండా కూర్చుంది. అలాంటి గది ఊరంతా గాలించినా మరోటి దొరకదని అక్క అనేది. అది గొప్పలకు పోయే మనిషి కాదు.

అలాంటి గదికి కప్పు మీద రెండు పలకలు జరిగి నీళ్లు కారాయి. "ఒరేయ్, నువ్వు అదే ఆఫీసులో ఉండి ఏం లాభంరా? కాస్త చూడు" అంది అక్క. చూశాను. వెళ్లి, ఆ కట్టడాలన్నిటికీ కలిపి ఉన్న ఒకే ఫైల్లోంచి ఫారం తీసి, చేత్తో రాశాను: ‘గోడలు, కప్పు శిథిలావస్థలో ఉన్నవి. మానవ నివాసమునకు పనికిరావు.’ నెల తిరక్కుండా మనుషులొచ్చి కప్పు బాగుచేసి వెళ్లారు. ఆ రోజు అక్క నా వీపు మీద చరిచి, "నా తమ్ముడు ఆఫీసరండోయ్" అని పక్కగది వాళ్లకి చాటింది. అలా పొంగిపోయిన రోజు నా జీవితంలో మళ్లీ లేదు. ఆ కాగితం మాత్రం ఫైల్లో అలాగే పడుకుంది.

నేను రిటైరైన మరుసటేడు వరండా స్తంభానికి నోటీసు అంటించారు. కొత్త మ్యూజియం కడతారట. అందుకోసం తపాలా భవనం, తూకాల కచేరీ, వరండా మొత్తం కూలుస్తారట. అభ్యంతరాలుంటే ముప్పై రోజుల్లో రాతపూర్వకంగా తెలపాలట. నాలుగో పేరాలో ఉంది అసలు సంగతి: ‘శాఖ వద్ద గల తనిఖీ నివేదిక ప్రకారం సదరు కట్టడములు శిథిలావస్థలో ఉన్నవి, మానవ నివాసమునకు పనికిరావు.’ నా వాక్యాన్ని నాకే అంటించారు.

"పాతవి దాచడానికి పాతవి కూలుస్తారా? పెట్టె పగలగొట్టి నగలు దాచుకున్నట్టుంది వీళ్ల తెలివి" అని అక్క నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, "శిథిలమట! ఏ కళ్లులేని కబోది రాశాడో గానీ" అంది. నేను నోటీసు మళ్లీ మొదటినుంచి చదువుతున్నట్టు నటించాను.

అరవై తొమ్మిదేళ్ల మనిషి ఆ నెల రోజులూ కాలికి బలపం కట్టుకుని తిరిగింది. వీధి వీధీ తిరిగి సంతకాలు పోగేసింది. రిటైరైన టీచర్లు, ఫొటో స్టూడియో వాళ్లు, కాలేజీ పిల్లలు అందరూ కలిసి ఆరువందల పైచిలుకు అభ్యంతరాలు రాశారు. వాటన్నిటినీ వరసగా పేర్చి, రంధ్రాలు పొడిచి, మైనం రాసిన దారంతో కుట్టి, నల్ల కాలికో గుడ్డ అంటించిన అట్ట వేసి ఒక పుస్తకం చేసింది అక్క. "విడికాగితాలైతే పారేస్తారు. బైండు చేసిన పుస్తకం పారేయడానికి చెయ్యి రాదు" అంది.

దాని ముందు పేజీలు నావి. గోడ మందం, పునాది లోతు, దూలాల కలప అన్నీ కొలతలతో సహా రాసిచ్చాను. ఎంత బాగా రాశానంటే చదివి అక్క కళ్లద్దాలు తుడుచుకుంది. రాయనిది ఒక్కటే. అది చెప్పడానికి మూడుసార్లు వెళ్లాను. మొదటిసారి ఎవరో ఉన్నారు. రెండోసారి అక్కకి జ్వరం. మూడోసారి ఎవరూ లేరు, ఏ జ్వరమూ లేదు. టీ తాగి వచ్చేశాను.

విచారణ రోజు ఉదయం పదకొండు గంటలకు హాలు కిక్కిరిసి ఉంది. ఒక మూల గాజుపెట్టెలో మ్యూజియం నమూనా పెట్టారు. చుట్టూ అట్టముక్కల చెట్లు, అగ్గిపుల్లంత మనుషులు. వేదిక మీద విచారణాధికారి, పక్కన మ్యూజియం తరఫు ఆర్కిటెక్టు. ముప్పై ఏళ్లుంటాయేమో ఆ అమ్మాయికి. మంచి మనిషిలాగే ఉంది. దుర్మార్గులెవరైనా ఉంటే కోపం తీర్చుకుందామని చూశాను గానీ ఆ హాల్లో నాకు ఎవరూ కనబడలేదు.

రెండు గంటలపాటు జనం మాట్లాడారు. ఒకాయన తన తండ్రి పోస్టుమాన్‌గా ఆ మెట్లే ఎక్కాడని చెప్పి ఏడ్చేశాడు. అధికారి అన్నీ ఓపిగ్గా విని, చివరికి కలం పక్కన పెట్టాడు.

"మీ బాధ నాకు అర్థమైంది. కానీ నా చేతిలో ఉన్నది ఒక్క నిబంధన. పాత కట్టడం శిథిలమై ఉంటే కూల్చొచ్చు, లేకపోతే కూల్చకూడదు. శిథిలమైందని మా ఓవర్సీరే రాసిన నివేదిక ఉంది. బాగుందని దాని తర్వాత ఎవరూ రాయలేదు. నేనేం చెయ్యను, చెప్పండి?"

అక్క లేచింది. నల్ల అట్ట పుస్తకం గుండెకు హత్తుకుని ఉంది.

"అయ్యా, యాభై నాలుగేళ్లుగా ఆ గోడల మధ్య బతుకుతున్నాను. ఒక్క కాగితం చెమ్మెక్కలేదు. అది శిథిలమని రాసినవాడెవడో పిలిపించండి. నా మొహం చూసి చెప్పమనండి."

హాలంతా చప్పట్లు. నేను పక్క కుర్చీలో ఉన్నాను. నా చేతులు మాత్రం కదల్లేదు.

"అలాగేనమ్మా" అన్నాడు అధికారి. "అది తప్పుడు నివేదికని ఇప్పుడు తేలితే, ఇప్పుడే పక్కన పడేసి కొత్త తనిఖీకి రాస్తాను. మాటిస్తున్నా. కూల్చడం ఆగిపోతుంది. కాకపోతే, రాసినవాడిని కూడా వదలను. రిటైరైపోయినా సరే, పెన్షన్ ఆపించి కేసు పెట్టిస్తాను. ఇదిగో కాపీ. మీరు చాలాకాలంగా ఉన్నారు కదా, ఆ సంతకం ఎవరిదో గుర్తుపడితే చెప్పండి."

బంట్రోతు కాగితం తెచ్చి అక్కకిచ్చాడు. అక్క కళ్లద్దాలు సరిచేసుకుంది.

నాకు అక్షరాలు నేర్పింది అక్కే, ఆ జిగురు బల్ల మీదే. ఎన్ని మొట్టికాయలు తిన్నా ‘థ’ కడుపులో చుక్క పెట్టడం నాకు అలవాటు కాలేదు. కథ రాయమంటే కధ అని రాసేవాణ్ణి. "ఆ చుక్క పెడితే నీ సొమ్మేం పోతుందిరా!" అని అరిచేది. నివేదికలో నేను రాసింది ‘శిధిలావస్ధ’. చుక్క లేదు. టైపు కొట్టిన నోటీసులో ఎవరో సరిచేశారు గనక ఇన్నాళ్లూ బతికిపోయాను.

అక్క బొటనవేలు ఆ మాట మీద ఆగింది. నేను చూశాను. చాలాసేపు ఆగింది. సంతకం దాకా వెళ్లనే లేదు ఆ వేలు.

నా వైపు తిరుగుతుందనుకున్నాను. తిరగలేదు.

"జెరాక్సు సరిగ్గా రాలేదండి" అంది. గొంతు మామూలుగానే ఉంది. "సంతకం అలికేసినట్టుంది. ఎవరిదో తెలియట్లేదు."

కాగితాన్ని సరిగ్గా మధ్యకి మడిచి బంట్రోతుకిచ్చి కూర్చుంది. అధికారి హాలు వైపు చూశాడు. "ఇంకెవరికైనా తెలుసా?" అని అడిగాడు. రెండోసారి కూడా అడిగాడు పాపం.

కాళ్లు సహకరించలేదని చెప్పుకోవచ్చు. అది అబద్ధం. కాళ్లు శుభ్రంగా ఉన్నాయి. నా బుర్రలో ఆ క్షణాన పెన్షన్ ఉంది, పేపర్లో పడే నా పేరు ఉంది, పొద్దున్నే పార్కులో నాతో నడిచే రిటైర్డ్ మిత్రుల మొహాలు ఉన్నాయి. అక్క నా పక్కనే ఉంది. తన మోచెయ్యి నా మోచేతికి తగులుతూనే ఉంది.

పది రోజులకు ఉత్తర్వు వచ్చింది. ‘అందిన అభ్యంతరములను పరిశీలించి తోసిపుచ్చడమైనది.’ నల్ల అట్ట పుస్తకం తిరిగి ఇవ్వలేదు. అడిగితే రికార్డు రూములో భద్రంగా ఉందన్నారు.

ప్రెస్సును ఏ అద్దె గదీ మోయలేదు. గ్యాసుతో నాలుగు ముక్కలుగా కోసి తుక్కుకిచ్చారు. అక్క మా ఇంటికొచ్చింది. ముందుగదిలో కిటికీ పక్కన ఆమెకు మంచం వేశాం. ఒకటి రెండు పుస్తకాలు ఒళ్లో పెట్టుకుని కుట్టబోయింది గానీ, ఆ వానాకాలం మా కొత్త సిమెంటు గోడల చెమ్మకి అట్టలన్నీ అప్పడాల్లా లేచిపోయాయి. సూది డబ్బా మూసేసింది. "వదినకేమైందండీ, పిలిచినా పలకట్లేదు" అని నా భార్య నన్ను అడిగేది. నివేదిక గురించి అక్క ఒక్క మాట కూడా ఎత్తలేదు. తిట్టి ఉంటే కాళ్ల మీద పడేవాణ్ణి. ఆ దారి కూడా నాకు వదల్లేదు.

కూల్చే రోజు వద్దన్నా వినకుండా బయల్దేరింది. వెంట వెళ్లాను. నాలుగు రోజుల పని అన్నారు. తపాలా భవనం ముందు గోడ ఒక్కటే తొమ్మిది రోజులు తిన్నది. అక్క రోజూ వెళ్లేది, రోజూ నేనూ. రోడ్డుకవతల నీడలో నిలబడి చూసేది. కూల్చే మర తన ఇనప చెయ్యి చాచి కొడితే గోడ ఒక గుప్పెడు సున్నం రాల్చి ఊరుకునేది. పదో రోజు తూకాల కచేరీ దగ్గర మర పళ్లలో ఒకటి పుటుక్కున విరిగి అంత దూరాన పడింది.

డ్రైవరు దిగి వచ్చాడు. తల మీద నీళ్లు పోసుకుని, మమ్మల్ని చూసి వాపోయాడు.

"చూడండి పెద్దమ్మా, ఇనుములా ఉంది. దీన్ని శిథిలమన్నాడట ఎవడో. వాడి చేతికి గునపమిచ్చి కొట్టమనాలి, అప్పుడు తెలుస్తుంది వాడికి."

అక్క తలూపింది. అతను వెళ్లిపోయాక కొంగుతో మొహం మీద దుమ్ము తుడుచుకుంది. అప్పుడు, నా వైపు చూడకుండానే అంది:

"ఆ రోజు కాగితం ఇచ్చేసి కూర్చున్నాను చూడు. నీకేసి తిరగలేదు. తిరిగితే నేను లెమ్మన్నట్టవుతుందని."

కూలీ ఒకడు విరిగిన పన్ను ఏరుకొచ్చాడు.

"నీ అంతట నువ్వే లేస్తావనుకున్నాన్రా" అంది. "ఆయన రెండోసారి అడిగినప్పుడు కూడా అనుకున్నాను."

అక్కా అన్నాను. అవతల మరకు కొత్త పన్ను బిగించారు, మళ్లీ కొట్టడం మొదలైంది. అక్క నా చెయ్యి పట్టుకోకుండా ఒక్కతే రోడ్డు దాటింది.