లప్పం కింద తుప్పు

నందిగామ దాటాక హైవే పక్కన బుల్లిబాబు టింకరింగ్ షెడ్డు. దాని ముందు అమ్మ కారు తళతళలాడుతూ నిలబడి ఉంది. బస్సు దిగి వచ్చిన రోజారమణి దాన్ని చూసి అక్కడే ఆగిపోయింది. పాత పద్మిని కారు, మీగడ రంగు. అచ్చం తన చిన్నప్పుడు ఉన్నట్టే ఉంది.

జగ్గయ్యపేటలో పాతతరం వాళ్ళందరికీ ఆ కారు తెలుసు. మొగుడు పోయాక రోజారమణి తల్లి తిరుపతమ్మ రంగుల షాపు పెట్టింది. తానే డ్రైవింగ్ నేర్చుకుంది. వెనక సీటు పీకించి, రంగు డబ్బాలు వేసుకుని వీరులపాడు, కంచికచర్ల దాకా తిరిగి సరుకు అమ్ముకొచ్చింది. షావుకార్ల ఇంటి ఆడమనిషి స్టీరింగ్ పట్టడమేమిటని బంధువులు మూతులు విరిచారు. ఆవిడ ఆ మూతుల వంక చూడలేదు. ఆవిడ పోయాక షాపు రోజారమణి చూసుకుంటోంది. కారు గోడౌన్‌లో మూలబడింది.

తమ్ముడు క్రాంతికుమార్ నందిగామలో ఫంక్షన్ హాలు కట్టాక ఆ కారు మీద పడింది అతని కన్ను. పెళ్ళికూతుళ్ళను ఆ కారులో ఊరేగించి మండపానికి తీసుకొస్తానన్నాడు. రోజారమణి సంబరపడింది. తుప్పు పట్టిన రేకంతా కోయించి కొత్త రేకు వేయించాలని, డోర్లు సరిగ్గా కూర్చోవాలని మాత్రం గట్టిగా చెప్పింది. అంతా తను దగ్గరుండి చూసుకుంటానని క్రాంతి మాటిచ్చాడు. రెండు రోజుల్లో హాలు ప్రారంభం.

"రండమ్మా, ఎలా ఉందండీ బండి?" అంటూ బుల్లిబాబు చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"బాగుంది" అని రోజారమణి డ్రైవర్ వైపు డోరు తీసింది. తీయగానే అది చేతిలో కాస్త కిందికి జారింది. వేస్తే పడలేదు. బలంగా నెడితే ధడాలున పడింది. ఆమె వెనక్కి జరిగి పక్క నుంచి చూసింది. ముందు మడ్‌గార్డు మీద మొదలై వెనక దీపం దాకా సాగే గీత లాంటి మడత ఒకటుంటుంది ఆ కారుకు. అది ముందు డోరు దగ్గర దిగిపోయి, వెనక డోరు దగ్గర మళ్ళీ పైకి లేచింది. డోరుకూ మడ్‌గార్డుకూ మధ్య సందు పైన వేలు పట్టేంత ఉంది, కింద గోరు కూడా దూరదు.

"ఇదేంటి బుల్లిబాబూ?"

"పాత బండి కదండీ. అంతమాత్రం ఉంటుంది. ఫొటోల్లో తెలవదు."

ఆ మాటకు ఆమెకు చిర్రెత్తింది. అదే సమయంలో షెడ్డు మూలన పోగుపడి ఉన్న ఖాళీ డబ్బాల మీద ఆమె చూపు పడింది. లప్పం డబ్బాలు. మూతల మీద తన షాపు స్టిక్కరే. సొట్టలు నున్నగా చేయడానికి పల్చగా పూసే లప్పం ఒక కారుకు ఎంత పడుతుందో ఇన్నేళ్ళుగా అది అమ్ముతున్న మనిషికి వేరే చెప్పాలా? అక్కడున్న డబ్బాలతో గోడకు పూత పూయొచ్చు.

ఆమె బల్ల మీదున్న స్క్రూడ్రైవర్ అందుకుంది. డోర్ల కింద, ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా సాగే రేకు దగ్గర కూర్చుంది.

"అమ్మా, పెయింటు పోద్దండీ, ఆగండి" అని బుల్లిబాబు పరుగెత్తుకొచ్చేలోపు పొడిచింది. మీగడ రంగు పెళుసుగా పగిలింది. స్క్రూడ్రైవర్ పిడి దాకా లోపలికి పోయింది. బయటికి లాగితే దాని వెంట లప్పం పెళ్ళ ఊడి, లోపల నుంచి ఎర్రటి తుప్పు పొడి జలజలా రాలింది. అక్కడ రేకే లేదు. కారు బరువంతా మోసే ఆ భాగాన్ని మట్టి ముద్దలా లప్పంతో మెత్తి, పైన రంగు కొట్టారు.

"ఇందులో పెళ్ళికూతుర్ని ఎక్కిస్తారా?" అంది రోజారమణి. గొంతు పెంచలేదు.

"నన్ను దొంగని చేయకండమ్మా." బుల్లిబాబుకూ కోపం వచ్చింది. "రేకు మార్చాలని మొదటి రోజే చెప్పా. మీ తమ్ముడుగారే వద్దన్నారు. టైము లేదు, పైకి మెరిస్తే చాలన్నారు. నమ్మకపోతే అడగండి."

"చెయ్యి ఫోను. స్పీకరు పెట్టు."

బుల్లిబాబు నసిగాడు. ఆమె కదలకపోవడంతో నంబరు నొక్కాడు.

ఫోనెత్తగానే క్రాంతి అన్న మొదటి మాట ఇది. "అక్క వచ్చి చూసిందా? కింద వంగి చూడనివ్వకు. తనకేం తెలుస్తుందిలే, మెరుపు చూసి మురిసిపోద్ది."

"మురిశాన్రా" అంది రోజారమణి. "ఇక్కడికి రా."

క్రాంతి వచ్చేసరికి డ్రైవర్ వైపు రంగు చాలా మటుకు లేచిపోయి ఉంది. రోజారమణి చెప్పినట్టే గ్రైండర్ పట్టుకున్న బుల్లిబాబు ఒళ్ళంతా తెల్లటి లప్పం పొడి.

"ఎల్లుండి ఓపెనింగ్ పెట్టుకుని ఏంటక్కా ఈ పని? కార్డులో కారు బొమ్మ వేయించాను. నా పరువు తీస్తావా?"

"ఉషశ్రీ పెళ్ళి ఎప్పుడైనా చేస్తావు గదా. నీ కూతుర్ని ఈ లప్పం మీద కూర్చోబెట్టి హైవే ఎక్కిస్తానని ఇప్పుడు చెప్పు. తాళాలు ఇచ్చేస్తా."

"హాలు దాకా వెళ్ళేదానికి హైవే ఎందుకు? నీకు ప్రతిదీ రాద్ధాంతమే."

"ఇందులో ఎక్కేది ఊళ్ళోవాళ్ళ పిల్లలు కాబట్టి నీకలా ఉంది."

అతను బుల్లిబాబు వైపు ఉరిమి చూసి, కారెక్కి వెళ్ళిపోయాడు.

ప్రారంభం రోజున హాలు ముందు పూలు కట్టిన అద్దె కారు నిలబడింది. రోజారమణి వెళ్ళి అక్షింతలు వేసి వచ్చింది. భోజనాల దగ్గర పెద్దత్త పక్కన కూర్చుని, "తోడబుట్టినవాడి శుభకార్యంలో ఈ పంతాలేంటే, నువ్వే సర్దుకుపోవాల్సింది" అంది. ఇంకొకరు అదే మాట ఇంకో రకంగా అన్నారు. అబద్ధం ఎందుకాడావురా అని క్రాంతిని అడిగినవాళ్ళు ఆ హాల్లో ఒక్కరూ లేరు. ఆమె పెరుగన్నం వదిలేసి లేచింది.

మర్నాటి నుంచి షాపు పనివాళ్ళకు అప్పగించి నందిగామ బస్సెక్కడం మొదలుపెట్టింది. కుర్చీ వేసుకుని షెడ్డులోనే కూర్చునేది. బుల్లిబాబు మొదట సణిగాడు. తుప్పు కోస్తూ పోతే గట్టి రేకు తగిలేసరికి సగం అడుగుభాగం పోయింది. బాడీ వంగిపోకుండా డోరు ఖాళీలకు అడ్డంగా ఇనుప కడ్డీలు అతికి, కొత్త రేకు వంచి, వెల్డింగ్ చేశాడు. పనిలో పడ్డాక అతని సణుగుడు ఆగిపోయింది. వెనక డోరు ముందు బిగించాడు. దాన్ని బట్టి ముందు డోరు, ముందు డోరును బట్టి మడ్‌గార్డు అంచు. డోరు మడతబందుల మరలు వదులు చేసి, కింద చెక్క పెట్టి ఎత్తి, మళ్ళీ బిగించి, దూరంగా వెళ్ళి ఒక కన్ను మూసి చూసేవాడు. నచ్చకపోతే మళ్ళీ విప్పేవాడు.

"అందరూ మెరుపే అడుగుతారండీ" అన్నాడొకసారి. "అడిగిందే చేసి చేసి, ఈ పని ఎలాగుంటుందో మర్చిపోయా."

"అడిగితే మాత్రం చేస్తావా?" అంది రోజారమణి. అతను వంగి మళ్ళీ మర తిప్పడం మొదలుపెట్టాడు. ఆమె మెత్తబడలేదు.

చివరికి డోరు రెండు వేళ్ళతో తోస్తే టక్కున పడింది. మడత గీత ముందు నుంచి వెనక దాకా ఎక్కడా తెగకుండా సాగింది. ఈసారి రంగు కొట్టేముందు రేకు మీద అరచేయి ఆనించి, ఆ చివరి నుంచి ఈ చివరి దాకా ఆమే తడిమి చూసింది.

రంగు ఆరాక కారు తానే నడుపుకుంటూ జగ్గయ్యపేట వెళ్తూ, చిల్లకల్లు దగ్గరికి వచ్చేసరికి ఫోను మోగింది. పక్కకు ఆపి తీసింది.

"బండి అదిరిపోయిందటగా అక్కా" అన్నాడు క్రాంతి. ఏమీ జరగనట్టే ఉంది గొంతు. "ఆదివారం ముహూర్తం ఉంది. పంపిస్తావా? అమ్మ కారుని నేను బాగుచేయించానని పెళ్ళివాళ్ళకు చెప్పా."

"పంపిస్తా. నడిపేది నేనే. వాళ్ళడిగితే ముందు ఏం జరిగిందో, తర్వాత ఏం జరిగిందో, అంతా చెప్తా."

క్రాంతి గొంతు తగ్గించాడు.

"అవసరమా అక్కా అదంతా?"

"అవసరమే."

అతను ఫోను పెట్టేశాడు. ఆదివారం ఆ పెళ్ళికూతురు వేరే కారులో వచ్చిందని ఎవరో చెప్పారు. రోజారమణికి కోపం తగ్గలేదు. తగ్గించుకోవాలనీ అనిపించలేదు.