లక్ష్మణ్ టోపీలో మెలిక

లక్ష్మణ్ వదిలిపోయిన టోపీ సగం అల్లి ఉంది. సౌదీలో అల్ ఖర్జ్ పాల ఫారంలో మేమిద్దరం పైపుల పని చేసేవాళ్ళం, ఒకే గదిలో ఉండేవాళ్ళం. సౌదీవాళ్ళకు ఉద్యోగాలు ఇవ్వాలనే నితాకత్ చట్టం కింద మా కంపెనీ రెడ్డు జాబితాలో పడింది. ఇకామాలు, అంటే అక్కడ ఉండే పర్మిట్లు, రెన్యూ కాలేదు. ఇకామా లేకుండా ఆసుపత్రికి పోతే పట్టుకుంటారని భయపడి, లక్ష్మణ్ జ్వరంతో మంచం మీదే పోయాడు. శవపెట్టె ఊరు చేరింది. మిగిలిన మాకు ఇంటికి పొమ్మని ఎగ్జిట్ కొట్టారు.

అతని తల్లి చిన్నవ్వ ఫోన్ చేసింది.

"బుచ్చన్న తమ్మీ, పెట్టె ఇప్పనియ్యలే. నా కొడుకు మొఖం సూడలే. నీకు టోపీ అల్లుతున్ననే అన్నడు. అయ్యిందా?"

"అయ్యిందక్కా."

"తీస్కరా. నాకు కండ్లు ఆనయి గని, ఏలు పెడితే వాని చెయ్యి ఎరుకైతది."

ఆ మాటతో సూదులు పట్టాను. వెల్డింగ్ రాడ్లు అరగదీసి లక్ష్మణ్ చేసుకున్న సూదులు. అతను అల్లిన ప్రతి కుట్టూ అడుగున మెలిపడి ఉంది, కాలుమీద కాలేసుకున్న మనిషిలా. నావి తిన్నగా వచ్చాయి. కళ్ళు మూసుకుని తడిమినా తేడా తెలిసింది. విప్పేశాను.

సూది మీది ఉచ్చులో ముందు పోగు వదిలి, వెనక పోగులోంచి సూది దూర్చాను. మెలిక పడింది, కానీ అతనిది ఒకవైపు, నాది ఇంకోవైపు. మళ్ళీ విప్పాను. ఒక్కో ఉచ్చునూ సూది మీంచి తీసి, తిప్పి ఎక్కించి అల్లాను. ఈసారి సరిగ్గానే తిరిగింది గాని, వదులై నోరు తెరుచుకుంది. అది విప్పుతుంటే అతని మంచం కిర్రుమంది. నేను అటు చూడలేదు.

పక్కగది ఇమ్రాన్ తొంగిచూశాడు.

"క్యా చాచా, దాదీ బన్ గయే? వో మంచం ఖాళీ హై నా, సామాన్ రఖ్ దో."

"రహనే దో," అన్నాను, అలాగే ఉండనిమ్మని.

శుక్రవారం నేనే ఫోన్ చేశాను. "అక్కా, వాడు దారం ఎట్ల సుట్టెటోడు?"

"ఉల్టా," నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. "నాది ఎడమచెయ్యి గదా. పక్కన కూసోని నన్ను సూస్కుంటనే బీడీలకు దారం సుట్టుడు నేర్సిండు. అందరు అటు సుడితే వాడు ఇటు సుట్టెటోడు. బీడీల కార్ఖానల నవ్వేటోళ్ళు. ఎందుకడుగుతున్నవ్ తమ్మీ?"

"ఊకెనే."

ఊలును సూది చుట్టూ ఎదురు తిప్పాను. తర్వాతి వరసలో కుట్టు దానంతటదే మెలిపడింది. బిగువు కూడా అతనిదే. ఇక వేళ్ళకు నేను చెప్పాల్సిన పని లేకపోయింది. అవే పోతున్నాయి. నేను చూస్తూ కూర్చున్నాను.

టోపీ అయిపోయాక, అతని చెయ్యి ఎక్కడ ఆగిందో చూద్దామని కళ్ళు మూసుకుని తడిమాను. దొరకలేదు. కళ్ళు తెరిచి వెతికాను. అప్పుడూ దొరకలేదు.

బయలుదేరేనాడు టోపీని మూటలో పెట్టి తాడు కట్టాను. తాడు ఎదురు చుట్టుకుంది. విప్పి కట్టాను. మళ్ళీ ఎదురే.

అప్పుడు ఆ మంచం వైపు చూశాను.

"పోదాం పా," అన్నాను. "అక్క ఎదురు సూస్తది."