పెంటయ్యా, బువ్వ తిందువు రా

సాయంత్రం దారం ఫ్యాక్టరీ సైరన్ మోగి, షిఫ్టు దిగినవాళ్ళు సైకిళ్ళ మీద నాచారం బస్తీలోకి మళ్ళే వేళకు ఉప్పలమ్మ బండి ఇంటికి చేరేది. పగలంతా బస్‌స్టాప్ దగ్గర మక్క కంకులు కాల్చి అమ్మేది ఆమె. కాళ్ళు కడుక్కుని, పొయ్యి వెలిగించి, అన్నం వార్చి, కంచంలో వడ్డించి, గడపలో నిలబడి గట్టిగా పిలిచేది.

"పెంటయ్యా! బువ్వ తిందువు రా!"

చెరువు కట్ట వైపు నుంచి జవాబు వచ్చేది.

"వస్తున్ననే అవ్వా!"

అది విని ఎదురింటి రాములమ్మ స్టవ్ మీది పప్పు దించేది. గోలీలాడే పిల్లలు లేచి ఇళ్ళకు పోయేవారు. గోడ అవతల కాలనీలో పద్మావతి టీచరు తులసికోట దగ్గర దీపం పెట్టేది.

పెంటయ్య చనిపోయి అప్పటికి రెండేళ్ళు. ఉత్తరాన మంచుకొండ మీద కాపలా కాస్తూ తూటా తగిలి పోయాడు. జెండా కప్పిన పెట్టె వచ్చింది, ఉప్పల్ నుంచీ లాలాపేట నుంచీ జనం వచ్చారు, తుపాకులు పేల్చారు, వెళ్ళిపోయారు. మర్నాటి సాయంత్రం ఉప్పలమ్మ అలవాటుకొద్దీ గడపలోకి వచ్చి పిలిచింది. అతను అలవాటుకొద్దీ పలికాడు. ఆనాటి నుంచి రోజూ అంతే. పలికేవాడు గాని వచ్చేవాడు కాదు. ఉప్పలమ్మ కాసేపు చూసి ఆ కంచం తీసుకెళ్ళి వీధి కుక్కకు పెట్టేది.

"ఇయ్యాల నీ కొడుకు జర లేటు పలికిండు వదినా. నా పప్పు అడుగంటింది," అనేది రాములమ్మ.

"చిన్నప్పటిసంది అంతేనాయె. ఒక్క పిలుపుకు పలికిండా ఎన్నడన్న?"

అతని కంటే ముందు పుట్టిన ముగ్గురూ పురిట్లోనే పోయారు. నాలుగోవాణ్ణి పుట్టగానే చేటలో వేసి పెంటకుప్ప మీద పడుకోబెట్టారు. రాములమ్మే వెళ్ళి దొరికినట్టు ఎత్తుకొచ్చింది. గుప్పెడు తవుడు పోసి ఉప్పలమ్మ తన కొడుకును తానే కొనుక్కుంది. పెంటలో దొరికాడు కనుక పెంటయ్య. చావు గుమ్మం దాకా వచ్చినా ఆ పేరు విని ముక్కు మూసుకుని పోతుందంటారు. ఇరవై ఏళ్ళకు పైగా అలాగే పోయింది. మంచుకొండ మీద అతన్ని పేరుపెట్టి పిలిచేవాళ్ళు లేకపోయారేమో.

బస్తీకీ కాలనీకీ నడుమ కొత్తగా ప్రభుత్వ ప్రసూతి కేంద్రం లేచింది. దానికి అమరజవాను పేరు పెడతాం, తీర్మానం రాసి పంపండి అన్నారు పైవాళ్ళు. కాలనీ సంఘం పరంధామయ్యగారి మేడ మీద కూర్చుంది.

"మన వీధి అబ్బాయి. పెట్టాల్సిందే," అన్నాడు పరంధామయ్య. ఏలూరు వైపు నుంచి వచ్చి స్థిరపడిన రిటైర్డు గుమాస్తా ఆయన. "కాకపోతే ఆ పేరే... కొంచెం..."

"పెంటయ్య ప్రసూతి కేంద్రం!" కిరాణా కొట్టు ఉమామహేశ్వర్ పైకి అని చూశాడు. "పిల్లలు పుట్టే చోటండీ బాబూ. మా కోడలు పెంటలో పురుడు పోసుకుందని చెప్పుకోవాలా?"

అందరూ నవ్వారు. పద్మావతి టీచరు కూడా నవ్వింది. బడిలో తెలుగు చెప్పి రిటైరైన మనిషి కనుక ఇలాంటప్పుడు అందరూ ఆమె వైపే చూసేవారు.

"విజయభాస్కర్ అందాం. సైనికుడికి నప్పుతుంది. కింద చిన్న అక్షరాల్లో అసలు పేరు కూడా..."

"మళ్ళీ అదెందుకండీ?" అన్నాడు ఉమామహేశ్వర్.

"సరే, వద్దులెండి," అంది టీచరు.

తల్లికి చెప్పే పని ఆమెకే పడింది. బస్‌స్టాప్‌కు వెళ్ళి ఒక కంకి కాల్చమని, మెల్లగా మొదలుపెట్టింది.

"మీ అబ్బాయి పేరు ఆసుపత్రికి పెడుతున్నాం ఉప్పలమ్మా. బోర్డు మీదకి మాత్రం కొంచెం మంచి పేరు..."

విసనకర్ర ఆగింది. "వాని పేరుకేమైంది టీచరమ్మా?"

"ఏమీ కాలేదు. పిలుచుకునే పేరు వేరు, రాసే పేరు వేరు కదా. విజయభాస్కర్ అని."

"ఇజయబాస్కరా? గట్ల పిలిస్తే వాడు పల్కుతడా?"

"గోడ మీద ఉండే పేరే కదా. దాన్ని పిలిచేదెవరు?"

ఉప్పలమ్మ కంకిని నిప్పుల మీద అటు తిప్పింది. "సదువుకున్నోళ్ళు. మీకెర్కే." ఉప్పూ నిమ్మకాయా రాసి చేతికిచ్చింది. మాట్లాడినంతసేపూ టీచరు మీ అబ్బాయి అన్నదే గాని, పెంటయ్య అన్న మాట ఆమె నోట రాలేదు.

ప్రారంభం రోజు షామియానా వేశారు. ఉప్పలమ్మను ముందు వరసలో కుర్చీలో కూర్చోబెట్టారు. ఒక పెద్దమనిషి మైకు ముందుకు వచ్చి, "వీరుడు విజయభాస్కర్‌ను కన్న తల్లిని వేదిక మీదికి ఆహ్వానిస్తున్నాం," అన్నాడు. ఉప్పలమ్మ కదల్లేదు. ఆ తల్లి ఎవరో చూద్దామని అందరిలాగే వెనక్కి తిరిగింది. రెండోసారి పిలిచారు. వెనక వరసల్లో ఎవరో కిసుక్కుమన్నారు. టీచరు గబగబా వెళ్ళి రెక్క పట్టుకుని లేపింది.

"నేనా?" అంది ఉప్పలమ్మ.

శాలువా కప్పారు. విజయభాస్కర్ అమర్ రహే అని అరిచారు.

ఆ సాయంత్రం ఆమె గడపలో నిలబడి పిలిచింది. చెరువు కట్ట పలకలేదు. మళ్ళీ పిలిచింది. గొంతు జీరపోయేదాకా పిలిచింది. రాములమ్మ పప్పు మాడింది. పిల్లలు చీకటి పడ్డా వీధిలోనే ఉన్నారు. పద్మావతి టీచరు అగ్గిపుల్ల చేతిలో పట్టుకుని తులసికోట దగ్గర చాలాసేపు నిలబడింది.

మర్నాడూ పలకలేదు. ఆ తర్వాతా లేదు. బస్తీవాళ్ళు ఎవరూ ఏమీ అనలేదు. టీచరు ఎదురైతే పక్కకు తప్పుకుని దారి ఇచ్చేవారు, అంతే. అదే ఆమెకు భరించరానిదైంది. కంకుల బండి కంటబడకుండా వెనక వీధిలోంచి చుట్టు తిరిగి అవతలి బస్‌స్టాప్‌కు పోయేది. సరే, వద్దులెండి అన్న తన మాట తనకే వినబడేది. కూర తరుగుతుంటే, పేపరు చదువుతుంటే. ఎన్నెన్నో మరిచిపోయే వయసులో ఆ ఒక్క మాటా పోయేది కాదు.

వానాకాలం వచ్చింది. టీచరు కూతురు చంద్రిక పురిటికి వచ్చి ఉంది. అంతకు ముందు రెండుసార్లు బిడ్డ దక్కలేదు. ఈసారి పెద్దాసుపత్రిలో అంతా మాట్లాడిపెట్టుకున్నారు. చెప్పిన రోజులింకా రానేలేదు, ఒక మధ్యాహ్నం కుండపోత వానలో నొప్పులు మొదలయ్యాయి. హబ్సిగూడ రోడ్డు మునిగిపోయింది. ఉప్పల్ వైపు బస్సులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. ఎక్కిన ఆటో రెండు మలుపులు తిరగకముందే నీళ్ళు మింగి చచ్చింది. ఎదురుగా ప్రసూతి కేంద్రం. విజయభాస్కర్ బోర్డు కిందనుంచే టీచరు కూతుర్ని నడిపించుకుపోయింది.

మగపిల్లవాడు. ఏడవలేదు. ఒళ్ళు నీలంగా ఉంది. నర్సు వీపు తట్టింది, పాదాల మీద కొట్టింది, నోట్లో గుడ్డ పెట్టి తుడిచింది. చంద్రిక, "అమ్మా, ఏడవడేమే? వీడూ అంతేనా?" అంటోంది.

టీచరు వరండాలోకి వచ్చింది. వానకు ఆగిన జనం నిండా ఉన్నారు. గొడుగుతో పరంధామయ్య, ఉమామహేశ్వర్, బస్తీ ఆడవాళ్ళు. స్తంభం పక్కన కంకుల చేట మీద ప్లాస్టిక్ పట్టా కప్పి ఉప్పలమ్మ కూర్చుని ఉంది.

"ఉప్పలమ్మా, బిడ్డ ఏడవటం లేదు. ఇది మూడో కాన్పు. నాకు ఆ పేరు ఇవ్వు."

"ఏ పేరు?"

"మీ అబ్బాయి పేరు."

"గోడ మీదనే ఉన్నది గద. పిలువుండ్రి, పల్కుతడేమో."

టీచరు తల వంచుకుంది. "నేనే మార్చాను. అందరితో కలిసి నవ్వాను కూడా."

"వదినా, పసిగుడ్డు..." అంది రాములమ్మ.

ఉప్పలమ్మ పట్టా మీది నీళ్ళు దులిపింది. "నేను పిలిస్తే పల్కుతలేడు టీచరమ్మా. నేను సుత శాలువ కప్పించుకున్ననాయె. తన పేరుకు మనం సిగ్గువడ్డమని వానికెర్కైంది. నువ్వే పిలువు. నవ్విన నోటితోనే పిలువు."

టీచరు మెట్ల మీదికి వచ్చింది. కాలనీ అంతా వెనక నిలబడి చూస్తోంది. పేరు పెదవుల కిందే గొణిగింది.

"గది నీకే ఇనరాలె," అంది రాములమ్మ.

అప్పుడు పద్మావతి టీచరు, తరగతిలో హాజరు పిలిచే గొంతుతో, వానకంటే పైకి అరిచింది.

"పెంటయ్యా!"

చెరువు కట్ట వైపు నుంచి జవాబు వచ్చింది. "వస్తున్న టీచరమ్మా!"

లోపల బిడ్డ కెవ్వుమన్నాడు.

పరంధామయ్య గొడుగు మూసి, మళ్ళీ తెరిచి, మళ్ళీ మూశాడు. ఉప్పలమ్మ కంకులు కుమ్మరించి, చేట విదిలించి లోపలికి వెళ్ళింది. బిడ్డను అందులో పెట్టుకుని బయటికి వచ్చింది.

"పెంటల దొరికిండు. కొంటవా?"

తవుడు ఎక్కడిది? టీచరు కిందికి వంగి రాలిన మక్క గింజలు ఏరి గుప్పిటనిండా ఆమె కొంగులో పోసింది.

ఆ వారమే పెంటయ్య పేరుతో కొత్త తీర్మానం రాశారు. పరంధామయ్య చదవకుండానే సంతకం పెట్టాడు. బోర్డుల మొగిలయ్య నిచ్చెన వేసుకుని ఎక్కి, "పాత రంగు గోకాల్నా అమ్మా? లేకుంటే వానకు కింది అక్షరాలు కనవడ్తయి," అన్నాడు.

"గోకొద్దు. కనబడనీ," అంది టీచరు.

బిడ్డకూ అదే పేరనేసరికి అల్లుడు గౌతమ్ మాత్రం నసిగాడు. "స్కూల్లో ఏడిపిస్తారేమో అత్తయ్యా."

"ఏడవనీ నాయనా. ఏడిస్తేనే కదా దక్కాడు."

చెరువు కట్ట మళ్ళీ సాయంత్రం సాయంత్రం పలకసాగింది. పప్పులు దిగాయి, దీపాలు వెలిగాయి. చంద్రికా గౌతమ్ కాలనీలోనే అద్దెకు దిగారు. పిల్లవాడు పాకాడు, నడిచాడు, గోడ సందులోంచి బస్తీలోకి దూరటం నేర్చాడు. వాడి మూడో ఏట ఒక సాయంత్రం ఉప్పలమ్మ ఎప్పటిలాగే గడపలో నిలబడింది.

"పెంటయ్యా! బువ్వ తిందువు రా!"

కట్ట వైపు నుంచి ఏమీ వినబడలేదు. రాములమ్మ పట్టకారు చేతిలో పట్టుకుని ఆగింది. టీచరు అగ్గిపుల్ల గీయకుండా ఆగింది. మళ్ళీ ఏం తప్పు చేశామో అనుకుంది.

"వత్తున్ననే అవ్వా!"

ఆ గొంతు టీచరు గేటు దగ్గరిది. పిల్లవాడు చెప్పులు వదిలేసి, గోడ సందులోంచి దూరి, వీధి దాటి పరిగెత్తాడు. వెళ్ళి కంచం ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

"టీచరుగారూ, మీవాడికి వాళ్ళ యాస వచ్చేసిందే!" మేడ మీంచి పరంధామయ్య అన్నాడు.

"పేరు వాళ్ళది కదండీ," అంది టీచరు. చిన్న చెప్పుల జత చేతిలో పట్టుకుని, గేటు దాటి వెళ్ళే మొహం లేక అక్కడే నిలబడింది.

ఉప్పలమ్మ ముద్ద కలిపి, వేడి ఊది, పిల్లవాడి నోటికి అందించింది. వీధి కుక్క వచ్చి గడప దగ్గర కాసేపు ఎదురుచూసి, లేచి వెళ్ళిపోయింది.